పోస్టర్ మీది అక్క

కుట్టుమిషన్ అక్క రోజూ తొమ్మిదింటికల్లా కొట్టు తీసి, మిషన్‌కు నూనె వేసి, దారం ఎక్కించుకుని కూర్చునేది. ఆ ఊళ్లో ఫోటోల్లోని మనుషులు నిలబడి నిలబడి కాళ్లు లాగితే కూర్చునేవాళ్లు, విసుగొస్తే పక్కకు తిరిగేవాళ్లు. అదెవరికీ వింత కాదు.

వర్షాకాలంలో ఒకరోజు ఆమె తడిసి ముద్దయి చూరు కింద నిలబడితే, ఎవరో ఫోటో తీసుకుపోయారు. నెల తిరక్కుండానే ఊరంతా ఆమె పోస్టర్లే. ‘ఈమె తిని రెండు రోజులైంది. పేదలన్నతో చేయి కలపండి’ అని కింద రాశారు. పేదలన్నంటే పేదరికం గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి.

"తిండికే గతిలేని మనిషి చేతికి ఖరీదైన బట్ట ఎలా ఇస్తాం?" అని బట్టలు కుట్టించుకునేవాళ్లు వెనకాడారు, బేరాలు తగ్గిపోయాయి.

"అమ్మా, బళ్లో నన్ను పోస్టర్ పిల్ల అంటున్నారు," అని కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది.

అక్క పేదలన్న ఆఫీసుకు వెళ్లింది.

"ఇదంతా మీలాంటివాళ్ల కోసమేగదమ్మా!" అన్నాడు కార్యదర్శి.

"అయితే మా వీధిలో మీరు ఆదుకున్న ఇల్లు ఒక్కటి చెప్పు బాబూ."

అతను ఫోన్ తీసి చెవిన పెట్టుకున్నాడు.

ఆదివారం సాయంత్రం సభ. వేదిక వెనక నిలువెత్తు బ్యానర్ మీద ఆమే.

"ఈ తల్లిని చూశాక నాకు ముద్ద దిగడం లేదు," అన్నాడు పేదలన్న.

జనంలో కూర్చున్న అక్క లేచింది. "ఆ తల్లి నేనే, అన్నా. ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను. మీవాళ్లు నన్నొక్క మాటైనా అడగలేదు. మా వీధిలో మీరు ఆదుకున్న ఇల్లు ఒక్కటి చెప్పండి."

"కూర్చోవమ్మా!" అని కార్యకర్తలు కసిరారు.

"జవాబు రానీ, కూర్చుంటా."

అప్పుడు బ్యానర్ మీది అక్క కూడా కొంగు దోపుకుని, పేదలన్న వైపు తిరిగి నిలబడింది.

"కనుక్కుని చెబుతాం," అని గొణిగాడాయన.

మర్నాటికల్లా గోడల మీది పోస్టర్లన్నిట్లో అక్క కింద రాసిన ఆయన పేరు వైపే తిరిగి ఉంది. కొత్తగా ఎవరి ఫోటో తీయించినా అంతే. కార్యదర్శి అక్క కొట్టు దగ్గరికొచ్చి, "ఒక్కసారి నవ్వుతూ ఫోటో దిగమ్మా," అని బతిమాలాడు.

"ముందు ఇల్లు చెప్పు," అంది అక్క, తల ఎత్తకుండా కుడుతూనే.

వారం గడిచాక పేదలన్న ఒంటరిగా ఆ వీధికొచ్చాడు. వెంట కెమెరా లేదు. అక్క మిషన్ ఆపి చూసింది. ఆయన మొదటింటి తలుపు తట్టాడు. ఒక ముసలామె తీసి, ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవరు కావాలి బాబూ?"

చెప్పడానికి ఆయనకు ఆ వీధిలో ఒక్కరి పేరూ తెలియదు.