కారణం అనే గడి

పొద్దున ఆరూ ఇరవై. సిద్ధరాములు జాబితాను తెరమీదికి రప్పించి, కుడి కన్నును దానికి జానెడు దూరంలో పెట్టి, వేలితో ఒక్కో వరసా దాటుకుంటూ చదువుతున్నాడు. ఎడమ కన్నుతో ఆయనకు పనిలేదు. ముప్పై నాలుగేళ్ల వయసులో మగ్గం మీద పేక పోగును మోసే నాడె ఎగిరొచ్చి దాన్ని తీసుకుపోయింది. అప్పటి పెద్ద సేటు జాలిపడి, నేసింది చాలు, ఇక రాసుకొమ్మని ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఇప్పుడు యాభై ఏడు. రిజిస్టర్లు పోయి కంప్యూటరు వచ్చింది. కంప్యూటర్లో ఉన్నదంతా క్లౌడ్‌కి పోయింది. కుర్చీ మాత్రం అదే, ఫ్యానూ అదే, కూర్చునే మనిషీ ఆయనే.

జాబితా ఏమంత గొప్పది కాదు. భవానీ పేటలోని ఆ తువ్వాళ్ల కార్ఖానాలో నూట ఎనభై మగ్గాలున్నాయి. వాటిలో ఇవాళ దేనిమీద పడుగు అయిపోతుందో చెబుతుంది, అంతే. మగ్గాలకు బిగించిన మీటర్లు లెక్కల్ని క్లౌడ్‌కి పంపుతాయి. ఈయన రోజూ ఒక క్వెరీ, అంటే రాసిపెట్టిన ప్రశ్న, నడిపి, వచ్చిన జవాబును బీములెక్కించేవాళ్ల ఫోన్లకు పంపుతాడు. వాళ్లు పడుగు చుట్టిన కొత్త బీము మోసుకెళ్లి, పాత పోగుల కొసలకు కొత్తవి అతికి, మగ్గాన్ని మళ్లీ ఆడిస్తారు. ఈ పనికి పెద్ద తెలివి అక్కర్లేదని సిద్ధరాములే అంటుంటాడు. అక్కర్లేదు కనకనే రేపట్నించి ఆయనా అక్కర్లేదు.

చేత్తో నడపడం ఇవాళే ఆఖరు. రేపట్నించి క్వెరీ దానంతటదే, పెట్టిన వేళకు నడుస్తుంది. ఆ ఏర్పాటు చేయాల్సింది కూడా ఈయనే. చేయడం నేర్పడానికి హోట్గి రోడ్‌లోని కంప్యూటరు కంపెనీ నుంచి ఆరతి అనే పిల్ల వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. రెండు రోజులుగా పక్కన కూర్చుని, కాకా కాకా అంటూ, ఎంతో మర్యాదగా ఆయన ఉద్యోగం ఊడబెరికే విద్యను ఆయనకే నేర్పుతోంది. ఆ పిల్లమీద కోపం తెచ్చుకుందామని సిద్ధరాములు ఒకటి రెండుసార్లు ప్రయత్నించాడు. రాలేదు.

తెల్లవారి లేచినప్పట్నించీ ఎడమ భుజం లాగుతోంది. విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో ఇల్లు దాటుతుంటే, చాటలో బీడీ ఆకు కత్తిరించుకుంటున్న భార్య నర్సమ్మ తలెత్తి చూసింది.

"మొఖమంత గుంజుకపోయింది. ఇయ్యాల సుట్టి పెట్టరాదా?"

"ఆఖరు రోజుకు సుట్టి ఎవడన్న పెడ్తడానే" అని నవ్వి వచ్చేశాడు.

ఆ నవ్వు బస్సు ఎక్కేదాకానే ఉంది. ఎందుకంటే రేపు అమావాస్య.

ఆయన వెనక గోడకు క్యాలెండరు వేలాడుతోంది. దాని పక్కన మేకుకు పడుగు నూలుతో ఒక ఎర్ర పెన్సిలు కట్టి ఉంది. నెలకొక తారీకు చుట్టూ ఎర్ర సున్నా. అమావాస్య నాడు కొత్త బీము ఎక్కించరు. ఇక్కడి నేతవాళ్ల తాతలు తెలంగాణ నుంచి ఈ మరాఠీ ఊరికి మూటాముల్లెతో పాటు తెచ్చుకున్న అలవాటు అది. మగ్గం మీద ఉన్న పడుగు నేస్తారు. అది అయిపోతే మగ్గం తుడిచి, నూనె పెట్టి, దండం పెట్టుకుని మర్నాడు చూసుకుంటారు. పెద్ద సేటు కూడా ఏనాడూ కాదనలేదు. కానీ కంప్యూటరు వచ్చాక, ఆగిన ప్రతి మగ్గానికీ కారణం రాయాలని ఒక గడి పెట్టారు. బయటి దేశాల కొనుగోలుదార్లు చూసే కాగితం మీద అమావాస్య అని ఎట్లా రాస్తాం? సిద్ధరాములు కాసేపు ఆలోచించి 'మెయింటెనెన్స్' అని రాశాడు. ఆ నెల రాశాడు, పై నెల రాశాడు, పద్నాలుగేళ్లు రాశాడు. లెక్కల ప్రకారం ఈ కార్ఖానాలో నెలకోసారి పదీ పన్నెండు మగ్గాలకు ఒకేసారి జబ్బు చేస్తుంది, తెల్లారేసరికి అన్నీ కోలుకుంటాయి. ఇన్నేళ్లలో ఒక్కరూ అనుమానపడలేదు.

ఇప్పుడు ఆ గడి నింపే మనిషి ఉండడు. రేపట్నించి రెండో క్వెరీ కూడా నడుస్తుంది. కారణం లేకుండా మగ్గం ఆగితే రెండు గంటలకొకటి చొప్పున నేసేవాడికి నోటీసు పోతుంది. మూడు నోటీసులైతే గేటు పాసు దానంతటదే మూసుకుంటుంది. రేపు పడుగు అయిపోయే మగ్గాలు పదకొండు. మధ్యాహ్నానికల్లా పదకొండు మంది గేటు బయట ఉంటారు.

ఏడింటికి పెంటప్ప వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. బీములెక్కించేవాళ్లలో పాతవాడు. చేతుల్నిండా గంజి వాసన.

"ఏం రాములన్నా, రేపు అమాస గద. ఆ మిషనుకు చెప్పినవా?"

"మిషనుకు చెప్పుడేంది, నేనున్న..." అలవాటుకొద్దీ వచ్చిన మాట మధ్యలో ఆగిపోయింది.

పెంటప్ప ఆయన మొహంలోకి చూసి, బీములవైపు వెళ్లిపోయాడు.

చెప్పకపోతే ఏమవుతుంది? ఈ ఆలోచన నిన్నట్నించీ సిద్ధరాములును వదలడం లేదు. చెప్పకపోతే రేపు మధ్యాహ్నం గేటు దగ్గర గొడవ. చిన్న సేటు ప్రథమేశ్‌కు తలా తోకా తెలియదు. ఆరతికీ తెలియదు. అప్పుడు ఫోను మోగుతుంది. కాకా, జరా రాండి, మీరు లేకుంటె నడుస్తలేదు. ఆ మాట చెవిలో ఊహించుకుంటేనే ఆయనకు తాగుతున్న టీ రుచిగా అనిపించింది. చెబితే మాత్రం, పద్నాలుగేళ్ల అబద్ధం బయట పెట్టుకుని, తలవంచుకుని ఇంటికి పోవాలి. ఎటు చూసినా నోరు మూసుకోవడమే లాభం. కానీ ఆ పదకొండు మందిలో నలుగురి తండ్రుల పక్కన కూర్చుని ఆయన నేశాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆరతి వచ్చి పక్కన కూర్చుంది. వేళ ఏదని అడిగే గడిలో ఆయన ఆరున్నర అని కొట్టబోతే ఆపింది.

"ఆ క్లౌడ్‌ల గడియారం మనకంటె అయిదున్నర గంటలు ఎనక ఉంటది కాకా. ఒంటి గంట అని పెట్టుండ్రి."

పెట్టాడు. ఎవరి పేరుమీద నడవాలని అడిగింది తెర.

"మీ పేరు పెడితె, మీ లాగిన్ తీసేసిన్నాడు ఇది సుద్దా బంద్ అయితది. కంపెనీ ఖాతా పెట్టుండ్రి."

అదీ పెట్టాడు. ఒకసారి నడిపి చూశారు. జాబితా వచ్చింది, తప్పు లేదు. ఆరతి చప్పట్లు కొట్టింది.

సిద్ధరాములు తెరవైపే చూస్తూ అడిగాడు.

"బిడ్డా, దీనికి చంద్రుడు తెలుస్తడా?"

"లేదు కాకా. తారీకులే చూస్తది." ఆ పిల్ల నవ్వబోయి, ఆయన క్యాలెండరువైపు తిరగడం చూసి ఆగింది. "ఏమైంది?"

"ఇప్పుడే వస్త" అని లేచి, ప్రథమేశ్ గదిలోకి వెళ్లాడు.

నిలబడే చెప్పాడు. దాచలేదు, నసగలేదు. ప్రథమేశ్ ల్యాపుటాపు మూసి విన్నాడు.

"అంటె పద్నాలుగేండ్ల రిపోర్టులు ఝూటా?"

"ఆ ఒక్క గడి."

"బాపుకు ఎరుకనా?"

పెద్ద సేటుకు బాగానే ఎరుక. ఒక అమావాస్య నాడు ఆ కాగితం చూసి మీసాల్లో నవ్వుకున్నాడు కూడా. సిద్ధరాములు గోడమీద దండ వేసి ఉన్న ఆయన ఫోటోవైపు చూశాడు.

"రాసింది నేను, సేట్."

ప్రథమేశ్ కిటికీవైపు తిరిగాడు. "మిమ్మల్ని మా ఇంట్ల మనిషనుకున్న కాకా. పొయ్యే రోజు చెప్తరా?" మళ్లీ మొహం తిప్పకుండానే అన్నాడు. "ఏం చేస్తరో చెయ్యుండ్రి. ఇంక అబద్ధం మాత్రం వద్దు."

ఆ మాట సిద్ధరాములుకు గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే అనుకున్నాడు. మెట్లు దిగుతుంటే భుజంలో నొప్పి మోచేతిదాకా పాకింది. గోడ పట్టుకుని నిలబడి, తగ్గాక దిగాడు.

తర్వాత పని తేలికే. క్యాలెండరు దించి ఒళ్లో పెట్టుకుని ఎర్ర సున్నాలు ఒక్కొక్కటే చదివాడు. ఆరతి కొత్త పట్టిక చేసి, ఆ తారీకులన్నీ అందులో ఎక్కించింది. ఇవాళ్టి తారీకు ఆ పట్టికలో ఉంటే జాబితా పంపొద్దు, ఈ కబురు పంపు, ఆగిన మగ్గాలకు కారణం నువ్వే రాయి. ఆ కబురు మాటలు సిద్ధరాములే స్వయంగా కొట్టాడు. కారణం గడి దగ్గరికి వచ్చేసరికి, చేతివేళ్లు వాటంతటవే 'మె' అని కొట్టాయి. ఆగి, దాన్ని చెరిపి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ 'అమావాస్య' అని రాశాడు.

"వచ్చే సాలు తారీకులు?" అంది ఆరతి.

"కొత్త క్యాలెండరు రాంగనే పెంటప్ప చెప్తడు. నువ్వెక్కియ్యి."

క్యాలెండరు మళ్లీ మేకుకు తగిలించి, ఆరతికి టిఫిను డబ్బాలోంచి జొన్నరొట్టె ముక్క పెట్టాడు. తాను తినలేదు. ఆకలి లేదన్నాడు.

నాలుగింటికి షిఫ్టు మారే వేళ, మగ్గాల షెడ్డు గోడవారగా ఉన్న బెంచీమీద వచ్చి కూర్చున్నాడు. గోడ అవతల ఆయన వెనకటి మగ్గం ఉండేది. దానిచోట ఇప్పుడు వేరే మగ్గం ఆడుతోంది. ఇటుకలోంచి ఆ అదురు వీపుకు తెలుస్తుంది. పెంటప్ప టీ తెచ్చి పక్కన పెట్టి, "చెప్పినవా మిషనుకు?" అన్నాడు.

"చెప్పిన" అన్నాడు సిద్ధరాములు. మొహం తేటపడి ఉంది. తల వెనక్కి గోడకానించి కళ్లు మూసుకున్నాడు.

అలసిపోయాడు పాపం, కునుకు తీయనీ అనుకుని పెంటప్ప బీము మోయడానికి లోపలికి పోయాడు. ముప్పావుగంట తర్వాత వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. గోడ అదురుకు ఆయన తల సన్నగా కదులుతూనే ఉంది. పిలిస్తే మాత్రం పలకలేదు.

దవాఖానాకు మోసుకుపోతే, గుండె అప్పటికే ఆగిపోయిందని పొద్దు గూకేలోపే చెప్పేశారు. నర్సమ్మ ఏడుస్తూ ఒక్కటే మాట అంది. సుట్టి పెట్టమన్న గద, సుట్టి పెట్టమన్న గద.

మర్నాడు పొద్దున ఆరున్నరకు, బీములెక్కించేవాళ్లంతా గేటు దగ్గర దిగులుగా నిలబడి ఉండగా, అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. జాబితా కాదు. 'ఇయ్యాల అమాస. కొత్త బీము ఎక్కియ్యొద్దు. రేపటి జాబితా రేపొస్తది.' కింద ఎవరి పేరూ లేదు. పెంటప్ప చదివి, ఫోను జేబులో పెట్టుకోలేక చేతిలోనే పట్టుకున్నాడు. ప్రథమేశ్ కూడా చదివాడు. మధ్యాహ్నం రిపోర్టు తెరిచి చూస్తే, ఆగిన పదకొండు మగ్గాల పక్కనా కారణం గడిలో ఒకే మాట ఉంది. నోటీసు ఎవరికీ పోలేదు. దాన్ని చూసి ల్యాపుటాపు మూసి, లేచి సిద్ధరాములు గదిలోకి వెళ్లాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. ఫ్యాను ఎవరూ ఆపలేదు. ఆ గాలికి క్యాలెండరు పక్కన, పడుగు నూలుతో నేతవాళ్ల ముడి వేసి మేకుకు కట్టిన ఎర్ర పెన్సిలు, గోడకు తగులుతూ ఊగుతోంది.