శుద్ధి ఎక్కువైన నీళ్ళు

తాయమ్మ మెడ దగ్గరి గడ్డలోంచి తీసిన ముక్క స్లైడు మీద రంగు కోసం కాచుకుని ఉంది. అది క్యాన్సరా, కాదా అని డాక్టరు జయచంద్ర చెప్పాలంటే కణాల లోపలి చుక్కలు నీలం తిరగాలి. రెండుసార్లు రంగు వేసినా అవి తాంబూలం నమిలిన నోళ్ళలా ఎర్రగానే మిగిలాయి.

"మీ రంగే సరిలేదు పెరుందేవమ్మా" అన్నాడు మేనేజరు హృషీకేశ్. మైక్రోస్కోపులో ఏ వైపు నుంచి చూడాలో ఆయనకింకా తెలియదు గానీ, తప్పు ఎవరిదో మాత్రం గుమ్మంలోంచే కనబడుతుంది.

తిరుపతిలోని ఆ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా హెమటాక్సిలిన్ రంగు కాచేది పెరుందేవే. మళ్ళీ కాచింది. పొడిని స్పిరిట్లో కరిగించి, మరిగే పటిక నీళ్ళలో కలిపి, చిటికెడు అయోడేటు వేసింది. నేరేడుపండు రంగు వచ్చింది. గోవిందనామాలు చెప్పుకుంటూ చల్లార్చి వడగట్టింది. మూడో స్లైడుకు వేసి కడిగింది. మళ్ళీ ఎరుపే.

కడిగింది శుద్ధజల యంత్రం నీళ్ళతో. సోమవారమే టెంకాయ కొట్టి దాన్ని ప్రారంభించిన హృషీకేశ్, "ఉప్పునీళ్ళు మన స్థాయికి తగవు" అని బోరు కుళాయికి బిరడా బిగించాడు. ఇంట్లో మడినీళ్ళ బిందెను ఎవరినీ ముట్టనివ్వని పెరుందేవి, శుద్ధిని ఎట్లా కాదంటుంది?

దిగులుగా బయటికొచ్చింది. పాకాల నుంచి వచ్చిన తాయమ్మ బెంచీ మీద సీసా ఎత్తి తాగుతోంది.

"మూడోతూరి వచ్చినాను తల్లీ. ఈపొద్దన్నా తేలుతుందా?"

"ఆడ మిషన్ నీళ్ళుండాయి కదమ్మా?"

"సప్పగుండాయి. ఇవి మా బోరు నీళ్ళు. గిన్నెకు తెల్లగా ఉప్పు పొక్కు కడతాయి గానీ దప్పిక తీరుస్తాయి."

పెరుందేవి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ల్యాబు తొట్టికి పట్టిన తెల్లని పొక్కు కళ్ళముందు మెదిలింది. ఆ ఉప్పునీళ్ళతో కడిగినన్నాళ్ళూ చుక్కలు ఎప్పుడూ నీలమే తిరిగేవి.

"ఆ సీసా ఇట్లియ్యమ్మా!"

"అయ్యో, నా ఎంగిలి!"

ఇంట్లోనైతే ఆ మాటకే తలస్నానం చేయాలి. పెరుందేవి సీసా లాక్కుని లోపలికి పరుగెత్తింది. స్లైడు ఆ నీళ్ళలో మునిగిన నాలుగు నిమిషాలకు చుక్కలు నీలం తిరిగాయి.

మిగతా పని ముగించి అందిస్తే జయచంద్ర చూసి, "క్యాన్సర్ కాదు. ఉత్త థైరాయిడ్ వాపు" అన్నాడు. ఆ మాట చెప్పగానే తాయమ్మ బెంచీ మీదే సంతోషంతో ఏడ్చేసింది.

"చూసినారా, మిషన్ వచ్చిన వారానికే రిపోర్టులు ఎంత బాగా వస్తుండాయో!" అన్నాడు హృషీకేశ్.

పెరుందేవి పానా తీసుకుని బిరడా బిగించిన బోరు కుళాయి వైపు నడిచింది.

"పానా ఏంటికమ్మా?" అడిగాడు హృషీకేశ్.

"అపచారం జరిగింది నాయనా. ప్రాయశ్చిత్తానికి."