బన్ను బాబాయి బొత్తాలు

బేకరీలో వయసంతా పిండి పిసికిన ఆయన్ని వీధి వీధంతా బన్ను బాబాయి అనేది. పిండిని ఎంత మెత్తగా పిసికేవాడో, ఎదుటివాణ్ణి మాటలతో అంత మెత్తగానూ పిసికేవాడు. రెండేళ్ళుగా నొప్పి ఆయన్ని పిసుకుతోంది. మెడలో మొదలై, భుజాల్లో మకాం పెట్టి, వేళ్ళ చివరిదాకా షికారు చేస్తోంది. తీసిన ఎక్స్‌రే ఫిల్ముల్లో మాత్రం ఎక్కడా పట్టుబడదు. వెన్నపూస కలిపీ కలిపీ వెన్నుపూస కరిగిపోయిందని అందరికీ చెప్పి, ముందు తనే నవ్వేవాడు.

ఆ రోజు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు ఆయన్ని చూసి తేల్చాలి. పని చేయలేడని రాస్తే ఇంటిపట్టునే ఉన్నా నెలనెలా భత్యం వస్తుంది. చేయగలడని రాస్తే మర్నాటి నుంచి మళ్ళీ బట్టీ ముందు నిలబడాలి.

పెద్దవాళ్ళ దగ్గరికి నలిగిపోయిన మొహంతో వెళ్ళకూడదని భార్య గడ్డం గీసింది, ఇస్త్రీ చొక్కా తొడిగింది, కింది నుంచి కాలరు దాకా బొత్తాలు పెట్టింది. రోజూ పెట్టేది ఆవిడే. కాసేపు కుదురుగా కూర్చోగలగాలని ఆయన ఒక మాత్ర ఎక్కువ మింగాడు.

డాక్టరును చూస్తే పొద్దుటి నుంచి ఎవరూ నవ్వించినట్టు లేదు. బాబాయికి అది తన పరువు సమస్య అనిపించింది. నొప్పి పదికి ఎంత అని అడిగితే, పాసు మార్కులు ఎప్పుడో దాటిందండీ, ఇప్పుడు ర్యాంకు కోసం చదువుతోంది అన్నాడు. డాక్టరు నవ్వేశాడు. చేతులెత్తమంటే, మాత్ర పుణ్యమా అని చెవులదాకా లేచాయి. డాక్టరు మంచివాడే. రాయబోయి ఆగి, ఇంట్లో సొంత పనులు ఎలా చేసుకుంటున్నారని అడిగాడు.

"ఈ బొత్తాలు ఎవరు పెట్టారు?"

బాబాయి మొదటిసారి మాటకు తడుముకున్నాడు. తెరిచిన తలుపు అవతల, వంతు కోసం కూర్చున్నవాళ్ళు వింటున్నారు.

"నేనేనండీ."

డాక్టరు, పక్కనే నిలబడ్డ బాబాయి భార్యవైపు తిరిగాడు. "అవునా అమ్మా?"

ఆవిడ మొగుడి మొహం చూసింది. పదిమందిలో ఆయన మాట ఏనాడూ తీసెయ్యలేదు.

"అవునండీ. ఆయనే పెట్టుకుంటారు."

కలం కదిలింది. బాబాయి పనికి పనికొస్తాడని తేలిపోయింది.

తిరుగు బస్సులో, వాళ్ళకంటే ముందు స్టాపులోనే మాత్ర దిగిపోయింది. ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుని, ఆయన కాలరు బొత్తాం కోసం చెయ్యెత్తబోయాడు. చెయ్యి ఛాతీ దాటలేదు. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎందుకలా అన్నారు?"

"నువ్వెందుకన్నావే?"

ఆవిడ బొత్తాం మీద వేళ్ళు వేసింది.

"ఉండనీ, విప్పకు. తెల్లారితే మళ్ళీ పెట్టాలిగా."

ఆయన ఇలాంటివి అన్నప్పుడల్లా నవ్వడం ఆవిడకు అలవాటు. నవ్వుదామనే మొహంకేసి చూసింది. ఆయన నవ్వడంలేదు.

ఇస్త్రీ నలగకుండా సర్ది, చొక్కాతోనే మెల్లగా పడుకోబెట్టింది.