జున్ను గడప తడిపిన శుక్రవారాలు

కుక్కపిల్ల జున్ను ఎందుకు ఉచ్చ పోస్తుందో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు గీతిక, ఇంకొకరు ఆమె మొగుడు గౌతమ్. ఇల్లుగలావిడ సుబ్బరత్నమ్మగారికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. తెనాలిలో ఆవిడది రెండు వాటాల ఇల్లు. ముందు వాటాలో ఆవిడ, వెనక వాటాలో వీళ్లు. వీధి గుమ్మం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆవిడ తలస్నానం చేసి ఆ గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడుతుంది. ఆ పసుపు ఆరకముందే జున్ను వచ్చి దాని మీద పోస్తే ఆవిడకి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

కొన్ని వారాలు ఓర్చుకుని, చివరికి ఒక సాయంత్రం గీతికని పిలిచింది.

"అమ్మాయ్, నీ మీద నాకేం కోపం లేదు. ఇంకొక్కసారి గడప మీద పోసిందంటే మాత్రం కుక్కనైనా పంపించెయ్, లేదా మీరైనా వేరే ఇల్లు చూసుకోండి."

"మానిపిస్తాను పిన్నిగారూ," అంది గీతిక.

ఊరికే అనలేదు. ఎలా మానిపించాలో డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. జున్నుని దుగ్గిరాల నుంచి చొక్కాలో దాచుకుని బండి మీద తెచ్చింది గౌతమే. "నీకోసమే," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె కరిగిపోయింది. తీరా చూస్తే ఎవరు పలకరించినా అది వెల్లకిలా పడి ఉచ్చ పోసేది. ఇద్దరూ కలిసి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడి బల్ల మీదా పోసింది.

డాక్టరు నవ్వాడు. "ఇది అల్లరి కాదమ్మా. కొంచెం సంతోషం, ఎక్కువ బెదురు. నీకు లొంగిపోయాను, నన్నేం చెయ్యకు అని దాని భాషలో చెప్పడం. మీద మీదకి వంగకండి. కళ్లలోకి చూడకండి. తల మీద చెయ్యి వెయ్యకుండా గడ్డం కింద నిమరండి. ఇంటికి రాగానే పలకరించకుండా ముందు పెరట్లోకి తీసుకెళ్లండి. తిట్టారో, ఇంకా పోస్తుంది. పెద్దదయ్యేకొద్దీ మానేస్తుంది."

"కొంచెం గట్టిగా పిలిచినా పోస్తుందా డాక్టర్‌గారూ?" అని అడిగాడు గౌతమ్.

"పోస్తుందండి."

ఎంత శ్రద్ధగా అడుగుతున్నాడో అని గీతిక మురిసిపోయింది. పిచ్చిది!

ఆమె ఉద్యోగం బాపట్లలో. సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చేసరికి జున్ను గెంతుకుంటూ, దొర్లుకుంటూ ఎదురొచ్చేది. ఎత్తుకుని ముద్దాడాలని ప్రాణం లాగేసేది. అయినా గోడవైపు చూస్తూ పెరట్లోకి నడిచి, పక్కకి తిరిగి కింద కూర్చుని, అదే వచ్చి చేతిని వాసన చూసేదాకా ఆగేది. మెల్లమెల్లగా జున్ను ఆమె దగ్గర పోయడం మానేసింది. కానీ శుక్రవారం వచ్చిందంటే చాలు, ఆఫీసులో ఉండగా ఫోను మోగేది.

"ఏం చెయ్యను గీతా, నేనటు తిరిగేలోపే గడప మీద పోసేసింది. నేనైతే ఒక్క మాట కూడా అనలేదు," అనేవాడు గౌతమ్. అతను పనిచేసేది రేపల్లెలో. ఆమె వెళ్లిపోయాక తీరిగ్గా బయల్దేరతాడు. పొద్దున్నే వదిలేసి వెళ్తున్నందుకు జున్ను తనమీద బెంగ పెట్టుకుందేమోనని గీతిక తననే తిట్టుకునేది.

సుబ్బరత్నమ్మగారు ఆ మాట అన్నాక వచ్చిన మొదటి శుక్రవారం బాపట్ల వెళ్లే రైలు రద్దయింది. బస్సులో పోదాం, ముందు ఇంట్లో మర్చిపోయిన టిఫిన్ డబ్బా తీసుకుందామని గీతిక వెనక్కి వచ్చింది. గేటు ఓరగా తీసి ఉంది. లోపల గౌతమ్ కనిపించాడు. పిలవబోయి ఆగిపోయింది.

అతను జున్నుని ఎత్తుకొచ్చి, నిగనిగలాడుతున్న పసుపు గడప మీద నిలబెట్టాడు. దాని మీదకి నిండా వంగాడు. కళ్లలోకి గుచ్చి చూశాడు. నడినెత్తిన చెయ్యి పెట్టి, "ఏయ్ జున్నూ," అని గొంతు పెంచాడు. జున్ను చెవులు వెనక్కి వాలాయి. తోక కాళ్ల మధ్యకి పోయింది. వెల్లకిలా పడి పోసేసింది. పసుపు కరిగి మెట్టు మీదకి కారింది. అప్పుడు అతను లోపలికి తిరిగి, ఎంతో దిగులుగా పిలిచాడు.

"పిన్నిగారూ, మళ్లీ పోసిందండీ. ఏం చెయ్యాలో తోచట్లేదు."

దాన్ని చావగొట్టినా గీతికకి ఇంత మంట పుట్టేది కాదు. కోపం వచ్చి కొట్టాడులే అనుకునేది. తన పక్కన కూర్చుని డాక్టరు చెప్పిందంతా విని, ఒక్క ముక్క మర్చిపోకుండా, అన్నీ తిరగేసి చేశాడు. అదీ వారం చూసుకుని మరీ! ఇలాంటి మనిషినా తను నమ్మింది?

"ఏంటండీ ఇది?" అని గడప దగ్గరికి దూసుకొచ్చి అరిచింది. జన్మలో అంత గట్టిగా అరిచి ఎరగదు.

గౌతమ్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. అతను నోరు తెరిచేలోపే జున్ను మళ్లీ ముడుచుకుపోయింది. గీతిక కాళ్ల దగ్గరే పోసింది. ఈసారి ఆమె గొంతుకి జడిసి.

ఆమెకి ఏడుపొచ్చింది. మింగేసింది. పక్కకి తిరిగి, ఆఫీసు చీరతోనే ఆ తడి గడప మీద కూర్చుంది. గోడవైపు చూస్తూ జున్ను గడ్డం కింద వేళ్లు పెట్టింది. గొంతు తగ్గించి, పసిపిల్లని జోకొడుతున్నట్టు అడిగింది.

"ఎందుకు చేశారండీ?"

"అసలు నువ్వు..."

"గొంతు పెంచకండి. భయపడుతుంది."

గౌతమ్ నసిగాడు. "ఇది వచ్చాక ఒక ఊరు లేదు, ఒక సినిమా లేదు. నేను వద్దంటే నువ్వు ఏడుస్తావు. ఆవిడే పొమ్మంటే ఎవరి తప్పూ ఉండదు కదా అని."

"దీని తప్పేనని కదండీ ప్రతి శుక్రవారం నాకు ఫోన్ చేశారు," అంది ఆమె అదే గొంతుతో. జున్ను మెల్లగా లేచి ఆమె ఒళ్లోకి ఎక్కింది.

సుబ్బరత్నమ్మగారు బకెట్టు పట్టుకుని వచ్చింది. "చూశావా అమ్మాయ్? నేనేం చెప్పాను?"

"గుర్తుంది పిన్నిగారూ. వేరే ఇల్లు చూసుకుంటాం."

గౌతమ్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. "సరే, ఈ ఆదివారమే తిరుగుదాం."

"మీరు కాదండీ. నేనూ, ఇదీ."

"మరి నేను?"

గీతిక అతనివైపు చూడలేదు. చూడకుండా ఉండటం ఈ మధ్యే బాగా అలవాటు చేసుకుంది. "మీరు ఇక్కడే ఉండండి. మీరంటే పిన్నిగారికి ఏ ఇబ్బందీ లేదు," అని ఎంతో మెత్తగా చెప్పింది.

ఆ గొంతు విని తనని మెచ్చుకుంటోందనుకుంది కాబోలు, జున్ను తోక ఊపుతూ ఆమె పసుపు చేతిని నాకింది. ఈసారి ఒక్క చుక్క కూడా పోయలేదు.