చేత్తో చేసిన జొన్నరొట్టె

అశోక్‌నగర్‌లో ఎవరిని కదిలించినా ఏదో ఒక పరీక్షకు చదువుతుంటారు. చదివేవాళ్లు నిద్ర లేకపోయినా నెట్టుకొస్తారు గానీ తిండి లేకపోతే ఎట్లా? అందుకే ఆ గల్లీల్లో పుస్తకాల షాపు పక్కన హాస్టల్, హాస్టల్ కింద మెస్సు. అలాంటి ఒక ఆడపిల్లల హాస్టల్ మెస్సులో మాసమ్మ పదకొండేళ్లుగా జొన్నరొట్టెలు చేస్తోంది. పూటకు నూట యాభై. మక్తల్ దిక్కు నుంచి మట్టిపనికి వచ్చి, నడుము పట్టేశాక ఈ పొయ్యి దగ్గర కుదురుకుంది. ముషీరాబాద్ బస్తీలో కిరాయి గది, ఈ పని. ఈ రెండూ తప్ప పట్నంలో ఆమెకు ఇంకో ఆసరా లేదు.

మెస్సు గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు ఉంటుంది. కూరల పేర్లు రోజూ మారతాయి, పైవరుస మాత్రం మారదు: 'చేత్తో చేసిన జొన్నరొట్టె'. ఓనరు ఉమాకాంత్ స్వయంగా సుద్దతో రాసేవాడు. ఆ వరుస చూసే నారాయణగూడ నుంచి కూడా పిల్లలు నడిచి వచ్చేవారు. మాసమ్మకు చదువు రాదు. అక్కడ రాసింది తన గురించేనని మాత్రం తెలుసు.

దసరా నాలుగు రోజులుందనగా మెస్సులోకి మిషన్ దిగింది. ఒక వైపు పిండిముద్ద వేస్తే ఇంకో వైపు కాలిన రొట్టె వచ్చి పడుతుందట, గంటకు నాలుగు వందలట. ఉమాకాంత్ దాని చుట్టూ కొత్త అల్లుడు ఇంటికొచ్చినట్టు తిరిగాడు.

"ఇగ నువ్వు పొయ్యి కాడ కూసునే పరేషాన్ లేదు మాసమ్మా."

"మరి నేనేం చెయ్యాలె సారూ?"

ఆయన అప్పటికే మిషన్ దిక్కు తిరిగాడు. మిషన్ తెచ్చినతను చపాతీ పిండిలాగే చన్నీళ్లతో జొన్నపిండి కలిపించాడు. మొదటి రొట్టె నాలుగు ముక్కలై పడింది. రెండోది ఆరు. జొన్నపిండికి గోధుమపిండి జిగట ఎక్కడిది? మరిగే నీళ్లు పోయాలి, వేడి మీదనే ఒక్కో ముద్దను అరచేతి మొదలుతో అదిమి అదిమి మెత్తబరచాలి, వెంటనే తట్టాలి. పాత పిండి ఒక తీరు నీళ్లు తాగుతుంది, కొత్త పిండి ఇంకో తీరు. చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపితే మాసమ్మకు సంగతంతా తెలిసిపోతుంది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. చేతులు కట్టుకుని చూస్తూ నవ్వింది, ఎందుకు నవ్వకూడదు?

మూడో రోజుకు ఉపాయం దొరికింది. మూడు పాళ్లలో ఒక పాలు మైదా. రొట్టెలు కొలిచి కోసినట్టు గుండ్రంగా వచ్చాయి.

ఉమాకాంత్ ఆమెను పక్కకు పిలిచాడు. "ఈ ముచ్చట బయటికి పోవద్దు. నీ పని యాడికి పోదు. కౌంటర్ కాడ నిలబడి నువ్వే వడ్డించు. నీ మొఖం చూస్తే పిల్లలు ఏం అడగరు."

మనిషి చెడ్డవాడు కాదు. కిరాయి పెరిగింది, పక్క గల్లీలో కొత్త మెస్సు పడింది, భయపడ్డాడు. మాసమ్మకూ ఒక క్షణం ప్రాణం కుదుటపడింది. సెగ లేదు, నడుం నొప్పి లేదు, పని ఉంది. కానీ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అడుగడుగునా ఒళ్లు మండింది. పదకొండేళ్లు చేతులు అమ్ముకుని బతికింది. ఇప్పుడు మొఖం అమ్మమంటున్నారు.

దసరా మధ్యాహ్నం భోజనాలకు ముందు ఆయుధపూజ. మిషన్‌కు బంతిపూల దండ వేశారు. మెస్సులో అందరికన్నా పాత మనిషి మొదటి బొట్టు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఉమాకాంత్ కుంకుమ భరిణె మాసమ్మ చేతికిచ్చాడు. ఆమె మిషన్‌ను దాటుకుని మూల గోడకు ఆనించిన తన పెనం దగ్గరికి వెళ్లింది. దానికి బొట్టు పెట్టింది. మిగిలిన కుంకుమ తన అరచేతుల్లో రాసుకుంది.

"అదేంది మాసమ్మా, మిషన్‌కు?"

"నాకు అన్నం పెట్టినదానికే నేను బొట్టు పెడత సారూ. దానికి నువ్వు పెట్టుకో."

ఆయన నవ్వేసి తానే పెట్టాడు. పండుగకు ఇంటికి పోని పిల్లలు యాభై మంది దాకా వరుస కట్టారు. అందరికన్నా ముందు రచన అనే పిల్ల నిలబడింది. షుగర్ వచ్చేటట్టుంది, జొన్నలు తినమని నల్లకుంట డాక్టర్ ఆమెకు గట్టిగా చెప్పాడు. పళ్లెంలో రొట్టె పడగానే వేలితో నొక్కి చూసింది.

"మాసమ్మక్కా, ఇంత మెత్తగున్నయేంది? జొన్నవేనా?"

ఉమాకాంత్ మాసమ్మ మొఖంలోకి చూశాడు.

"కావు బిడ్డా. మూడు పాళ్లల్ల ఒక పాలు మైదా. నేను చేసినవి కూడా కావు."

వరుసలోని పిల్లలు ముందుకు తొంగిచూశారు.

"నీకు దిమాక్ ఖరాబయిందా?" ఉమాకాంత్ అరిచాడు. "పో! రేపటి సంది రాకు!"

"పోత. మస్తు మెస్సులున్నయ్, లేకుంటే మళ్ల మట్టి మోస్త. అబద్ధం మాత్రం వడ్డియ్య."

పెనం ఆమెదే, మక్తల్ జాతరలో కొన్నది. చంకలో పెట్టుకుని, నల్లా కింద చెయ్యి తడుపుకుని గుమ్మం దాటింది. రచన పళ్లెం అక్కడే పెట్టేసి వెంట వచ్చింది. బోర్డు ముందు మాసమ్మ ఆగింది.

"బిడ్డా, ఈ బోర్డుల 'చేత్తో' అని యాడ రాసుంది?"

రచన వేలు పెట్టి చూపించింది. పదకొండేళ్లలో ఆ అక్షరాలను మాసమ్మ అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. తడి అరచేయి వాటి మీద పెట్టి గట్టిగా తుడిచింది. సుద్ద పోయింది, కుంకుమ అంటుకుంది.

"జొన్న కూడా అబద్ధమే కదక్కా," అని రచన తన చున్నీ అంచుతో ఆ ముక్క తుడిచేసింది.

లోపల పిల్లలు ఒక్కొక్కరే రొట్టె పక్కకు నెట్టి అన్నం అడుగుతున్నారు. ఉమాకాంత్ చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీలోకి వచ్చాడు.

"మాసమ్మా, జర ఆగు. రేపు రా, కూసొని మాట్లాడుకుందాం."

ఆమె వెనక్కి తిరిగింది గానీ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

"మాట్లాడేతందుకు రాను సారూ. రొట్టె చేసేతందుకు పిలిస్తే వస్త. నేను తుడిచింది గప్పుడు నువ్వే మళ్ల రాసుకో."