పచ్చి చెక్కల కంచె

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: మా అమ్మ బీకాజాన్, హుల్కర్ అనే నేను, అమ్మకు అన్నయ్య అయిన రూజ్‌మత్ మామయ్య, పెరుగు తోడు కోసమని వచ్చి కూర్చుండిపోయిన పొరుగింటి తోజాగుల్ అత్త. కంచెకు అవతల సఫర్ చిన్నాన్న, ఆయ్‌జమాల్ పిన్ని, చెక్క అరుగు మీద పడి నిద్రపోతున్న వాళ్ళ ఇద్దరు మగపిల్లలు. అవతల ఉన్నవాళ్ళను కూడా ఇంట్లో వాళ్ళ లెక్కలోనే రాశాను. మొన్న వసంతం దాకా అది ఒకటే ఇల్లు, ఒకటే వాకిలి. అలవాటు పోలేదు.

నన్ను కన్నది పిన్ని. పెంచింది అమ్మ. మా ఊళ్ళో ఇదేమీ దాచుకునే సంగతి కాదు. అన్నకు పిల్లలు లేకపోతే తమ్ముడు ఒక బిడ్డను ఇస్తాడు. ఇచ్చిన బిడ్డను మళ్ళీ అడగకూడదు, అడిగితే ఊళ్ళో తలెత్తుకోలేరు. అలా నా ఊయలను ఒక గుమ్మంలోంచి ఎదురు గుమ్మంలోకి మార్చారు. రెండు గుమ్మాలకూ మధ్య ద్రాక్ష పందిరి. నేను ఆ పందిరి కింద అటూ ఇటూ పాకుతూ పెరిగాను. ఎక్కడ ఆకలేస్తే అక్కడ తిన్నాను, కానీ నిద్ర మాత్రం అమ్మ పక్కనే.

నన్ను తెచ్చుకున్న వారంలోనే మా నాన్న మత్కరీం కాలవ గట్టున పోప్లర్ మొక్కలు వరసగా నాటాడట. కొడుకు పుడితే నాటుతారు వాటిని, వాడు పెద్దయ్యాక వాడి ఇంటికి దూలాలవుతాయని. ఆడపిల్లకు నాటినందుకు అందరూ నవ్వారు. "పరాయింటికి పోయేదానికి దూలాలు కూడా మోయించి పంపుతావా మత్కరీం?" అన్నారట. "అది ఎక్కడుంటే అక్కడ పందిరి వేయిస్తా. వేసేవాడు మా తమ్ముడేగా," అన్నాడట నాన్న.

చిన్నాన్న పని అదే. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంటికైనా వాకిట్లో పడుకునే చెక్క అరుగు కావాలన్నా, దడి కావాలన్నా, ద్రాక్షకు పందిరి కావాలన్నా ఆయన్నే పిలుస్తారు. మాది ఉప్పు నేల. గుంజ పాతితే రెండేళ్ళకే అడుగు కుళ్ళి విరుగుతుంది. అందుకని గుంజల పాదాలను మంటలో నల్లగా కాల్చి, తారు పూసి, అప్పుడు పాతుతాడు. పచ్చి కలప ముట్టడు. కొట్టిన దుంగలకు రెండు చివరలా బంకమట్టి మెత్తి, గోడ నీడన ఒక ఎండాకాలం, ఒక చలికాలం పడేస్తాడు. తొందరపెట్టేవాళ్ళతో "మీ తొందర ఎడారి గాలికి తెలీదు, అది తడి లాగేసిందంటే మీ దడిలోంచి పిల్లి దూరుతుంది," అంటాడు.

పోయిన శరదృతువులో, పత్తి ఏరేటప్పుడు, నాన్న పొలంలోనే కూలబడి చనిపోయాడు. ఆ వారాల్లో ద్రాక్ష తీగను పందిరి మీంచి దించి మట్టిలో కప్పాలి, లేకపోతే మంచుకు చచ్చిపోతుంది. చిన్నాన్న ఒక్కడే గొయ్యి తవ్వి, తీగను పడుకోబెట్టి, మీద మట్టి కప్పుతూంటే అమ్మ చూడలేక లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ వసంతం వచ్చాక తీగను తవ్వి పైకి లేపారు. దానికి ఇద్దరు కావాలి. ప్రతి ఏడూ నాన్న, చిన్నాన్న లేపేవాళ్ళు. ఈసారి ఒక కొస చిన్నాన్న పట్టుకున్నాడు, ఇంకో కొస అమ్మ. గోడ పక్కగా పోతూ తోజాగుల్ అత్త ఆగి చూసింది.

"బాగుందమ్మా. ఇద్దరి చేతులూ బాగా కుదిరాయి," అంది.

చనిపోయిన అన్న భార్యను తమ్ముడు చేసుకోవడం పూర్వం మా వైపు ఉండేది. ఇప్పుడు లేదు. కానీ జనానికి గుర్తుంది. ఆ మాట పిన్ని చెవిన పడింది. రెండు రోజులు వంట చేసింది, గిన్నెలు కడిగింది, పందిరి కిందికి మాత్రం రాలేదు. మూడో రోజు పందిరి కిందికి వచ్చి నిలబడింది.

"అక్కా, మధ్యలో కంచె వేయిద్దామనుకుంటున్నాను. నీ మీద ఏమీ లేదు. ఊరి నోరు మూయించడానికి."

అమ్మ పిండి పిసుకుతోంది. తల ఎత్తలేదు. "వేయించు. కలప నేనిస్తాను. కాలవ గట్టు చెట్లు కొట్టించు."

"అవి హుల్కర్‌వి కదా వదినా," అన్నాడు వెనక నుంచి చిన్నాన్న.

"హుల్కర్ నాది," అంది అమ్మ.

పిన్ని లోపలికి వెళ్ళాక చిన్నాన్న గొంతు తగ్గించి అన్నాడు, "అవి ఆరాలి వదినా. వచ్చే ఏడాది దాకా ఆరాలి."

"వచ్చే ఏడాది దాకా నువ్వు ఆగుతావు. ఊళ్ళో వాళ్ళు ఆగుతారా?"

కొట్టారు, కోశారు. పందిరి గుంజల మధ్య నుంచి ఇటు గోడ దాకా, అటు గోడ దాకా చెక్కలు దగ్గర దగ్గరగా బిగించాడు చిన్నాన్న. వేలు దూరే సందు లేదు. తాజా చెక్కల మీద తడి ఇంకా ఉంది, చెయ్యి వేస్తే చల్లగా తగిలేది. నేను దగ్గరే నిలబడి ఉన్నాను. నాకు పదిమందిలో నోరు పెగలదు. ఆ రోజు మాత్రం అడిగాను.

"చిన్నాన్నా, నేనెలా వస్తాను?"

ఆయన నన్ను కంచెకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచాడు. తర్వాత రెండు చెక్కలు ఊడదీసి అక్కడ ఒక చిన్న తలుపు పెట్టాడు. నేను వంగకుండా పోయేంత ఎత్తు, అంతే. పెద్దవాళ్ళు పోవాలంటే తల దించాలి.

ఆ తలుపు నాదే అయింది. పొద్దున్న అమ్మ తందూరులోంచి తీసిన మొదటి రొట్టె అటు తీసుకెళ్ళేదాన్ని. పిన్ని ఆ గుడ్డలోనే పచ్చి ఉల్లికాడలో, గుడ్లో పెట్టి పంపేది. చిన్నాన్న మాత్రం ఒక్కసారి కూడా ఆ గడప దాటలేదు. అమ్మ దాటలేదు. బాగానే గడుస్తోందనుకున్నాను.

నడి వేసవి ఎండలు మొదలయ్యాక ఎడారి నుంచి వడగాలి తిరిగింది. పగలంతా కంచె టప్ టప్ మని చప్పుడు చేసేది. చెక్కలు ముడుచుకుపోయాయి. ముందు గడ్డిపోచంత సందు, తర్వాత వేలంత. ఇటు నిలబడితే అటు అరుగు, అరుగు మీది పిల్లలు, పని చేసుకుంటున్న చిన్నాన్న చేతులు కనిపించేవి.

మొదట చెప్పిన ఆ రోజు తోజాగుల్ అత్త సరిగ్గా కంచెకు ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. రూజ్‌మత్ మామయ్య తను తెచ్చిన ఖర్బూజా కోస్తున్నాడు.

"మీ కంచెకు కళ్ళొచ్చాయే వదినా," అంది అత్త.

"ఎండకు వస్తాయి," అంది అమ్మ.

"మా దడికి రాలేదమ్మా. అదీ సఫర్ వేసిందే, పదేళ్ళయింది. ఊరందరికీ ఎండు చెక్క, సొంతింటికి పచ్చి చెక్క. చిత్రంగా లేదూ?"

"నీ పెరుగు పులిసిపోతుంది, ఇంటికి పో తోజాగుల్," అన్నాడు మామయ్య.

సందుల్లోంచి చూపులే కాదు, మాటలూ పోతాయి. అవతల చీపురు చప్పుడు ఆగిపోయింది. పిన్ని తలుపు తోసి గడప దగ్గర నిలబడింది. కొంగు చెమటకు ముఖానికి అంటుకుపోయి ఉంది.

"ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? నేనూ అదే అడుగుతున్నాను. ఇన్నేళ్ళలో ఎవరింటికైనా పచ్చి చెక్క వేశాడా ఈయన?"

చిన్నాన్న చేతిలో చిత్రికతోనే వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. "ఆయ్‌జమాల్, లోపలికి రా. సందుల మీద బద్దలు కొట్టేస్తాను. ఒక్క సందు కనపడదు."

"ఏ వైపు నుంచి కొడతావు?"

మేకులు దిగే అడ్డపట్టీలు మా వైపే ఉన్నాయి. బద్దలు కొట్టాలంటే మా వాకిట్లోకి వచ్చి నిలబడాలి, అది రెండు మూడు రోజుల పని.

"చెప్పు, ఏ వైపు నుంచి?"

అప్పుడు నేను లేచాను. "పిన్నీ, ఆ చెట్లు ఇచ్చింది అమ్మ. చిన్నాన్న వద్దన్నాడు. అవి ఆరాలని చెప్పాడు. నేను విన్నాను."

అందరూ నావైపు తిరిగారు. ఇప్పుడు అంతా సర్దుకుంటుందనుకున్నాను. పిన్ని నన్ను కాదు, అమ్మను చూసింది.

"అంటే పచ్చివని, సందులొస్తాయని తెలిసే ఇచ్చావన్నమాట."

తోజాగుల్ అత్త టీ గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టింది. రేపు పొద్దున్నకల్లా ఈ మాట ఊరు దాటుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. మామయ్య కత్తి తుడిచి మడిచాడు.

"చూడు బీకా," అన్నాడు అమ్మతో, నెమ్మదిగా. "కోపం తెచ్చుకోకు. పిల్ల ఇక్కడున్నంత కాలం ఆ తలుపు ఉంటుంది. ఆ తలుపు ఉన్నంత కాలం ఈ మాట ఉంటుంది."

"తెలుసు అన్నయ్యా."

అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత చప్పుడైంది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో నా బొంత, అందులో చుట్టిన నా బట్టలు, బడి సంచి ఉన్నాయి. నాకు అర్థమైంది కానీ అర్థం కానట్టే నిలబడ్డాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించింది.

పిన్ని ముఖం పాలిపోయింది. "అక్కా, నేను పిల్లను అడగలేదు. దేవుడి మీద ఒట్టు, పిల్లను అడగలేదు."

"నువ్వు అడగలేదు ఆయ్‌జమాల్. అడక్కూడదు కూడా. నేనే ఇస్తున్నాను."

"వదినా, ఆగు. అన్నయ్య..." అన్నాడు చిన్నాన్న.

"మీ అన్నయ్య ఉంటే ఈ కంచే లేదు. ఇక బద్దలూ వద్దు, ఏమీ వద్దు. మట్టి ఉంది, గడ్డి ఉంది. సందులు నేను పూడ్చుకుంటాను."

తర్వాత నా తలగుడ్డ సరిచేసింది. దాని ముడి బాగానే ఉంది, అయినా విప్పి మళ్ళీ కట్టింది.

"ఇవాళ్టి నుంచి వాళ్ళను అమ్మా, నాన్నా అని పిలువు."

"మరి నిన్ను?"

"పెద్దమ్మ అను."

"అమ్మా, పొద్దున్న రొట్టె ఎవరు తెస్తారు?"

"వాళ్ళకూ తందూరు ఉంది తల్లీ."

బొంత నా చేతుల్లో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి గడప దాటించింది. నేను వెనక్కి తిరిగి తలుపు చట్టం పట్టుకున్నాను. అమ్మ నా వేళ్ళను ఒక్కొక్కటే తీసింది. మళ్ళీ చట్టం కేసి చూసింది, వేళ్ళు ఇంకా ఏమైనా మిగిలాయేమో అని. అప్పుడు తలుపు వేసింది.