మంజీరా తోళ్ల కంపెనీ కుర్చీ

ఫిబ్రవరి పద్నాలుగు, ఉదయం పదకొండు గంటలు. సికింద్రాబాద్‌లో కొత్తగా మరమ్మతు చేసిన మంజీరా తోళ్ల కంపెనీ ప్రధాన కార్యాలయంలో, నా వెనక గోడకు ఇత్తడి పలక బిగించారు. 'వ్యవస్థాపకులు మాధవరావు గారి ఆసనం' అని దానిమీద ఉంది. అది తప్పు. తప్పని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

నేను ఒక టేకు కుర్చీని. 1939లో నన్ను చేయించినవాడు కొంగరి మైసయ్య. ఆయన మాదిగ. తోళ్లు శుద్ధి చేసే పనితో మొదలుపెట్టి ఈ మేడ సొంతంగా కట్టాడు. నాలో ఆరు రోజులు కూర్చున్నాడు. ఏడో రోజు మద్రాసు నుంచి బూట్ల వ్యాపారి ఒకాయన గుమ్మం దాకా వచ్చి, కుర్చీలో ఎవరున్నారో చూసి వెనక్కి తిరిగాడు. మర్నాడు మైసయ్య మాధవరావును మేనేజరుగా పెట్టుకుని నాలో కూర్చోబెట్టాడు. కొనేవాళ్లు వస్తే తాను తోళ్ల నమూనాలు పట్టుకుని పక్కన నిలబడేవాడు. ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి. ఆ తోళ్లతో కుట్టిన బూట్లు మాత్రం అందరూ తొడుక్కున్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. మాధవరావు జరీ కండువా నా వీపుకు తగిలితే నాకు బాగుండేది. మైసయ్య ఒంటినుంచి తోలు వాసన వచ్చేది. ఆయన నాలో కూర్చోనందుకు అప్పట్లో నేను బాధపడలేదు. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

పలక బిగించిన పావుగంటకు మైసయ్య కూతురు బాలమణి వచ్చింది. ఆమెకు ఎనభై ఆరేళ్లు. మరమ్మతు చేయించిన ఆర్కిటెక్టు శ్రీకర్ పలక చదివి వినిపించి, గోడమీది పాత ఫొటో చూపించాడు. అందులో మాధవరావు నాలో కూర్చుని ఉంటే, మైసయ్య పక్కన నిలబడి ఉన్నాడు.

"గీ కూసున్నాయనను జూసి రాసినవా బిడ్డా?"

"అవునమ్మా. కుర్చీలో ఉన్నది ఆయనే కదా."

"కూసున్నోడు జీతగాడు. నిలవడ్డోడు సేటు. సదువెక్కువై నీకు గిది కానరాలే."

శ్రీకర్ తల గోక్కున్నాడు. "మార్చాలంటే కాగితం కావాలమ్మా. ఈ మేడ బాధ్యత చూసే కమిటీ అడుగుతుంది."

"కాగితమే గద? రాస్కో, జెప్త. మా నాయిన పేరు గోడకెక్కకుంట నేనీ గడప దాట."

శ్రీకర్ ఆమెను నాలో కూర్చోమన్నాడు.

"ఒద్దు. నిలవడితెనే నాకు యాదికొస్తది."

గంటసేపు చెప్పింది. అతను రెండు పేజీలు రాశాడు. నా గురించి ఆమె ఏమీ చెప్పలేదు. కింద సంతకం చేయడానికి ఆమెకు నాలుగు నిమిషాలు పట్టింది.

పన్నెండు నలభైకి శ్రీకర్ పలక ఊడదీసి, అక్కడ ఆ రెండు పేజీలూ అతికించాడు. బాలమణి వాటిని చూసి ఇంటికి వెళ్లింది.

ఇవాళ మార్చి మూడు. కమిటీ సమావేశం రెండుసార్లు వాయిదా పడింది. కాగితాలు గోడమీదే ఉన్నాయి.